కట్టు విప్పాకే అసలు పని మొదలు: దెబ్బ తగిలిన ఒంటిని మళ్లీ దారిలోకి తెచ్చుకోవడం ఎలా

ఎక్స్‌రే చూసి డాక్టర్ గారు ఎముక అతుక్కుంది, ఇంక మెల్లగా నడవండి అంటారు. సరేనని కట్టు తీయించుకుని లేచి నిలబడితే ఆ కాలు అస్సలు మన కాలులాగే ఉండదు. పిక్క కరిగిపోయి సన్నగా అయిపోయి ఉంటుంది, చర్మం పొట్టు రాలుతుంటుంది, చీలమండ ఎంత వంచినా వంగనంటుంది. ఇక్కడే చాలామంది కంగారు పడిపోతారు, అతుకు తేడా వచ్చిందేమో, ఆపరేషన్ సరిగ్గా చేయలేదేమో అని. చాలాసార్లు అలాంటిదేం ఉండదండి. ఎముక అతుక్కోవడం ఒక పని, ఒళ్లు తిరిగి పని చేయడం ఇంకో పని. మొదటిది చాలావరకు దానంతటదే జరుగుతుంది, రెండోది మాత్రం మనం చేస్తేనే జరుగుతుంది.

ఇక్కడ రాసేదంతా ఫ్రాక్చర్లు, లిగమెంట్ (ఎముకల్ని ఒకదానితో ఒకటి కలిపి పట్టే పట్టీ) గాయాలు, బెణుకులు, కండరం చిరగడం లాంటివాటి గురించి. ఉదాహరణలు ఎక్కువగా కాలివే ఉంటాయి, చేతికి తేడా ఉన్నచోట చెప్తాను. వెన్నుపూస దెబ్బలు, తలకి గట్టి దెబ్బలు వేరే లెక్క, వాటిని ఇంట్లో కూర్చుని సొంతంగా చూసుకునేది ఉండదు. ఇంకోటి, మీ డాక్టర్ ఫలానా వారం దాకా కాలు కింద పెట్టొద్దన్నారంటే నేనేం రాసినా సరే ఆ మాటే ఫైనల్. లోపల ఏ ప్లేటు ఎలా పట్టి ఉందో ఆయనకే తెలుసు.

లోపల ఏం జరుగుతోందో ముందు తెలుసుకోండి

దెబ్బ తగిలిన మొదటి కొన్ని రోజులు వాపు, వేడి, ఎరుపు, సలుపు. ఇది శత్రువేం కాదు, రిపేరు పని మొదలైందని గుర్తు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు శరీరం కొత్త కణజాలం వేస్తుంది, కానీ తొందర తొందరగా, అడ్డదిడ్డంగా వేస్తుంది. మూడో దశలో ఆ వేసినదాన్ని సరిదిద్దుకుంటుంది, ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా సాగుతుంది. మనం చేసే ఎక్సర్‌సైజుల పని ఏంటంటే కొత్త పోగులకి ఏ వైపు బలం కావాలో చెప్పడం. లాగుడు, బరువు తగిలిన దిశలోనే అవి వరుసగా సర్దుకుంటాయి. ఏ లాగుడూ లేకపోతే అతుకు గట్టిపడదు, చుట్టుపక్కల అంతా బిగుసుకుపోతుంది.

ఎముక కూడా అంతే. బరువు పడిన చోట ఎముక గట్టిపడుతుంది, పడకపోతే పలచబడుతుంది అని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. మామూలుగా చేతి ఎముకలకి 6 నుంచి 8 వారాలు, కాలి ఎముకలకి 12 వారాలు అటూ ఇటూ పడుతుంది. మోకాలి కింద ఉండే పెద్ద ఎముకకి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పొగ తాగేవాళ్లలో, షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్లలో ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతుక్కోకుండానే ఉండిపోతుంది. సిగరెట్ మానడానికి ఇంతకన్నా మంచి సాకు ఇంకోటి దొరకదు, నిజంగా.

ఇవి కనిపిస్తే ఈ గైడ్ పక్కన పెట్టి హాస్పిటల్‌కి వెళ్లండి

కట్టు లోపల నొప్పి గంట గంటకీ పెరిగిపోతూ, మందు వేసుకున్నా తగ్గకుండా, వేళ్లు పక్కవాళ్లు కొంచెం కదిపినా ప్రాణం పోతున్నట్టు ఉండి, తిమ్మిరి ఎక్కుతుంటే అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగొద్దు. కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోతే గంటల్లోనే కండ చచ్చిపోతుంది. వేళ్లు తెల్లగానో నీలంగానో అయిపోయి చల్లబడినా అంతే.

రెండోది పిక్కలో రక్తం గడ్డకట్టడం. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే ఆరోజే చూపించుకోండి, ఎవరి చేతా మర్దన చేయించొద్దు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తం వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు, ఒక్క నిమిషం కూడా ఆలోచించొద్దు. ఇక కుట్ల దగ్గర చీము, పెరుగుతున్న ఎరుపు, జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. గాయం మానుతున్న టైంలో చెయ్యో పాదమో మంటమంటగా ఉండి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం, చర్మం రంగు మారుతుండటం, ఒక చెయ్యే చెమట పట్టడం. నరాలు నొప్పి విషయంలో అతిగా స్పందించే సమస్య ఇది. మణికట్టు ఫ్రాక్చర్ తర్వాత అప్పుడప్పుడూ వస్తుంటుంది. ఊహ అని కొట్టిపారేయకుండా తొందరగా మొదలుపెట్టిస్తే ట్రీట్‌మెంట్‌కి బాగానే లొంగుతుంది.

మొదటి మెట్టు: మొదటి నాలుగైదు రోజులు

రెస్టు, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల సూత్రం అందరికీ తెలిసిందే. దాన్ని 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్ చెప్పాడు. ఆయనే దశాబ్దాల తర్వాత, ఐసు, పూర్తి రెస్టు రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని మాట మార్చుకున్నాడు. 2019లో వచ్చిన కొత్త సూత్రాల్లో ఐసు పేరే లేదు. అలాగని ఐసు విషం కాదు, నొప్పి మరీ ఎక్కువగా ఉంటే గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకుంటే ఉపశమనంగా ఉంటుంది, రోజంతా గడ్డకట్టించాల్సిన పనిలేదు అంతే.

అన్నిటికన్నా పనిచేసేది కాలు ఎత్తులో పెట్టడం, దీన్నే సరిగ్గా చేయరు. సోఫాలో కూర్చుని ముందు స్టూల్ మీద కాలు పెట్టుకుంటే అది ఎత్తు కాదు. పాదం గుండె కన్నా పైకి ఉండాలి, అంటే వెల్లకిలా పడుకుని పిక్క కింద రెండు మూడు దిండ్లు. మడమ గాల్లో ఉండాలి, దిండుకి నొక్కుకుంటూ గంటలు గంటలు ఉంటే అక్కడ పుండు పడుతుంది. చెయ్యి అయితే పగలు స్లింగ్ (మెడకి వేలాడదీసే పట్టీ), పడుకున్నప్పుడు ఛాతీ మీద దిండు, దిండు మీద చెయ్యి.

ఈ నాలుగు రోజుల్లో వేడి కాపడాలు, గట్టి మర్దనలు వద్దు. ముఖ్యంగా మోచెయ్యి. దెబ్బతిన్న మోచేతిని బలవంతంగా చాపించడం, పిసకడం చేస్తే కండరంలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉంది, అలా జరిగితే ఆ చెయ్యి తిరిగి పూర్తిగా చాపడం చాలా కష్టమైపోతుంది. మోచెయ్యి ఎప్పుడూ ఎవరి సొంత కండతో వాళ్లే వంచుకోవాలి, పక్కవాళ్లు లాగకూడదు.

రెండో మెట్టు: కట్టులో ఉన్న వారాలు

ఈ టైమ్‌ని అందరూ వేస్ట్ చేస్తారు. కట్టు ఉంది కదా ఇంక ఏం చేస్తాం అని మంచం మీద ఫోన్ పట్టుకుని పడుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల ఒక కాలిని ఊరికే రెండు వారాలు కదలకుండా ఉంచి చూస్తే ఆ కాలి బలంలో మూడోవంతు దాకా పోయింది, ఆ తర్వాత ఆరు వారాలు సైకిల్ తొక్కించినా బలం పూర్తిగా తిరిగి రాలేదు. దెబ్బే తగలని కాలికి ఈ గతి పడితే ఇక మన కాలి సంగతి చెప్పేదేముంది.

కాబట్టి రూల్ ఒక్కటే, కట్టులో లేని ప్రతి జాయింటూ కదలాలి. మణికట్టుకి కట్టుంటే వేళ్లు పూర్తిగా ముడిచి పూర్తిగా చాపడం, మోచెయ్యి వంచడం, చెయ్యి తలమీదికి ఎత్తడం, ఇవి మెలకువగా ఉన్న ప్రతి గంటకీ ఓ పదిసార్లు. మణికట్టు విరిగినవాళ్లు రెండు నెలల తర్వాత భుజం పట్టేసిందని వస్తుంటారు, భుజానికి ఏ దెబ్బా తగల్లేదు, స్లింగ్‌లో పెట్టి కదపకుండా ఉంచేశారు అంతే.

కాలికి అయితే తొడ కండరం ముఖ్యం. వెల్లకిలా పడుకుని లేదా కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చిన్న టవల్ చుట్ట పెట్టుకుని, ఆ చుట్టని మోకాలితో కిందికి నొక్కండి. మోకాలిచిప్ప తొడ వైపుకి జరగడం కంటికి కనిపించాలి, తొడ లోపలి వైపు చెయ్యి పెట్టి చూస్తే గట్టిపడటం తెలియాలి. అలా 5 సెకన్లు పట్టి ఉంచి వదలడం, పదిసార్లు, రోజుకి మూడు నాలుగు సార్లు. మొదట్లో ఎంత ప్రయత్నించినా చిప్ప కదలకపోవచ్చు, కండ ఎక్కడుందో మెదడు మర్చిపోయినట్టు ఉంటుంది. అప్పుడు రెండు కాళ్లూ కలిపి చేయండి, బాగున్న కాలితో పాటు ఇదీ మెల్లగా అందుకుంటుంది. మోకాలికి, తొడకి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం ఏది చేయొచ్చో ముందు అడిగి మొదలుపెట్టండి.

పాదం బయట ఉంటే వేళ్లు, చీలమండ పైకీ కిందికీ ఆడించడం, రక్తం గడ్డకట్టకుండా ఇది కూడా కొంత సాయం చేస్తుంది. బాగున్న కాలికి, బాగున్న చేతికి ఎక్సర్‌సైజ్ మానొద్దు. వింతగా అనిపిస్తుంది గానీ ఒక వైపు బలం పెంచితే కట్టులో ఉన్న రెండో వైపు బలం కూడా కొంత నిలుస్తుంది, నరాల వ్యవస్థ రెండింటికీ ఒకటే కదా.

కట్టు లోపల దురద పుడితే పెన్నులు, స్కేళ్లు దూర్చొద్దు, చర్మం గీరుకుపోయి లోపల పుండైతే బయటికి తెలిసేలోపు వాసన వస్తుంది. పైనుంచి తట్టండి, హెయిర్ డ్రయ్యర్‌ని చల్లగాలి మీద పెట్టి ఊదండి.

క్రచ్చెస్ సరిగ్గా పట్టుకోవడం

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం మంది తప్పు సైజుతోనే తిరుగుతుంటారు. నిటారుగా నిలబడినప్పుడు చంకకీ క్రచ్ పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. చేతులు కిందికి వదిలేస్తే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగి ఉండాలి. బరువంతా అరచేతుల మీదే, చంక మీద వేలాడకూడదు. చంకలో నరం నొక్కుకుపోయి మణికట్టు పైకి లేవకుండా పడిపోయినవాళ్లున్నారు.

మెట్ల దగ్గర ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు, క్రచ్చెస్ ముందు. అంటే శరీరాన్ని పైకి లేపే పని, కిందికి దింపే పని రెండూ మంచి కాలే చేస్తుంది. రెయిలింగ్ ఉంటే రెండు క్రచ్చులూ ఒక చేతిలోకి తీసుకుని రెండో చేత్తో రెయిలింగ్ పట్టుకోండి. తర్వాత చేతికర్రకి మారినప్పుడు కర్ర దెబ్బ కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో ఉండాలి. సినిమాల్లో చూపించేది చాలావరకు తప్పే.

సగం బరువు వేయమన్నారు, 20 కిలోలు వేయమన్నారు అంటే ఎంతో ఎలా తెలుస్తుంది? బరువు చూసే మెషిన్ మీద దెబ్బ కాలు, అదే ఎత్తున్న చెక్క మీద మంచి కాలు పెట్టి, క్రచ్చెస్ పట్టుకుని మెల్లగా ఒత్తండి, ముల్లు 20 దగ్గరికి వచ్చినప్పుడు ఎలా ఉందో పాదానికి గుర్తు పెట్టించండి. రోజూ రెండుసార్లు చేస్తే అలవాటైపోతుంది. ఇంట్లో కింద పరిచినవి, వైర్లు తీసేయండి, బాత్రూంలో జారకుండా ఏర్పాటు చేసుకోండి, రెండోసారి పడితే మళ్లీ మొదటికొస్తుంది కథ.

మూడో మెట్టు: కట్టు తీసిన మొదటి రెండు మూడు వారాలు

ఎండిపోయిన చర్మాన్ని గోకొద్దు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి మెత్తటి గుడ్డతో ఒత్తి తుడిచి మాయిశ్చరైజర్ రాయండి, వారంలో పొట్టంతా దానంతటదే పోతుంది. సాయంత్రానికి పాదం వాచిపోవడం మాత్రం నెలల పాటు ఉంటుంది, అది మామూలే, పొద్దున్నకి తగ్గిపోతుంటే భయం లేదు. కుట్లు తీసి గాయం పూర్తిగా మూసుకున్నాక, సుమారు రెండు మూడు వారాలకి, మచ్చని వేలితో గుండ్రంగా, అడ్డంగా, కింద కండకి అంటుకోకుండా కదుపుతూ రోజుకి కొన్ని నిమిషాలు మర్దన చేసుకోవచ్చు. మచ్చకి ఎండ తగలనివ్వకండి, నల్లబడితే అలాగే ఉండిపోతుంది. ఆ మచ్చ చర్మం ఎప్పటికీ పాత బలంలో 80 శాతం దాకానే వస్తుంది కాబట్టి మొదటి నెలల్లో జాగ్రత్త.

ఇప్పుడు కదలిక తెచ్చుకోవడం. మోకాలికి, మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని మడమ కింద ప్లాస్టిక్ కవరో నున్నటి గుడ్డో వేసుకుని మడమని పిరుదు వైపు జార్చండి, వంగినంత వంగాక అక్కడ కొన్ని సెకన్లు ఆగి, కొంచెం లాగుతున్నట్టు అనిపించేదాకా మాత్రమే ఇంకాస్త, మళ్లీ వెనక్కి. వంచడం మీదే అందరి ధ్యాసా ఉంటుంది గానీ మోకాలు పూర్తిగా చాపుకోవడం అంతకన్నా ముఖ్యం, చాపు రాకపోతే జీవితాంతం కుంటు మిగిలిపోతుంది. మడమ కింద టవల్ చుట్ట పెట్టి మోకాలి కింద ఏమీ లేకుండా పది నిమిషాలు అలా వదిలేయండి, బరువుకి అదే దిగుతుంది. రాత్రి మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం హాయిగా ఉంటుంది కాబట్టే ప్రమాదం, మోకాలు వంగి ఉన్నట్టే బిగుసుకుపోతుంది.

చీలమండకి గోడ టెస్ట్ మంచిది. గోడకి ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడని ముట్టుకోవాలి. ముట్టుకోగలిగితే పాదం కొంచెం వెనక్కి జరపండి. బొటనవేలికీ గోడకీ దూరం ఎంతో టేపుతో కొలిచి రెండు కాళ్లకీ రాసి పెట్టుకోండి, వారానికోసారి చూస్తే మనకే తెలుస్తుంది. ఇలా కొలవకపోతే రోజూ ఏం మార్పు లేనట్టే అనిపించి నీరసం వస్తుంది.

నడకలో కుంటు గురించి ఒక మాట. క్రచ్ వదిలేసి కుంటుతూ నడవడం కన్నా క్రచ్‌తో నిటారుగా సరిగ్గా నడవడం మంచిది. కుంటు అలవాటైతే నొప్పి పోయాక కూడా పోదు, నడుము, రెండో మోకాలు నొప్పులు మొదలవుతాయి. మడమ ముందు తగలాలి, తర్వాత పాదం, చివర్లో బొటనవేలితో నెట్టాలి, రెండు అడుగులూ ఒకే పొడవు. అడుగుల చప్పుడు వినండి, టక్-టక్ అని ఒకే తీరుగా రావాలి, టక్...టటక్ అని వస్తుంటే ఇంకా ఆసరా కావాలన్నమాట.

నొప్పిని ఎలా లెక్కేయాలి

మొత్తం ఇందులోనే ఉంది అంటాను నేను. కొందరు కాస్త నొప్పికే ఆపేస్తారు, కొందరు నొప్పి వస్తేనే పని జరుగుతోందనుకుని పళ్లు బిగించి చేసేస్తారు, ఇద్దరూ వెనకబడతారు. 0 నుంచి 10 దాకా స్కేలు అనుకోండి, 0 అంటే నొప్పి లేదు, 10 అంటే ఊహించుకోగలిగినంత. ఎక్సర్‌సైజ్ చేసేటప్పుడు 3 దాకా ఓకే. 4, 5 అయితే ఆగి చూసుకుంటూ చేయాలి, 5 దాటితే తగ్గించాలి.

కానీ చేసేటప్పటి నొప్పి కన్నా మర్నాడు పొద్దున్నే అసలు తీర్పు. నిన్న చేసిన పని ఎక్కువైందో తక్కువైందో ఈరోజు లేవగానే జాయింట్ చెప్తుంది. నిన్న పొద్దున్నలాగే ఉందా, అయితే అదే డోసు కొనసాగించండి, రెండు మూడు రోజులు అలాగే ఉంటే కొంచెం పెంచండి. నిన్నటికన్నా వాపు ఎక్కువగా, స్టిఫ్‌గా, నొప్పిగా ఉందా, అయితే మానేయకండి, సగానికి తగ్గించండి. పూర్తిగా మానేసి, తగ్గాక మళ్లీ అదే ఫుల్ డోసుతో మొదలుపెట్టి, మళ్లీ వాచి మళ్లీ మానేసేవాళ్లు నెలలు నెలలు అక్కడే తిరుగుతుంటారు. లాగుతున్నట్టు, బరువుగా, అలసిపోయినట్టు ఉండే నొప్పి పర్లేదు. పొడిచినట్టు, ఒక్క చోటే వేలు పెట్టి చూపించగలిగేలా, అతుకు దగ్గరే వచ్చే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, ఇవి డాక్టర్‌కి చెప్పాల్సినవి.

దీనికి చిన్న నోట్‌బుక్ చాలు. తారీఖు, ఏం చేశాం, ఎన్నిసార్లు, అప్పుడు నొప్పి ఎంత, మర్నాడు పొద్దున్న ఎంత. అంతే ఐదు కాలమ్‌లు. ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు ఎలా ఉంది అంటే పర్లేదండి అని చెప్పే బదులు ఇది చూపిస్తే ఆయనకి పని సగం అయిపోతుంది.

నాలుగో మెట్టు: బలం

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గాయపడ్డ సైనికులకి తేలిక కదలికలు లెక్కలేనన్నిసార్లు చేయించేవాళ్లు, ఎంతకీ కోలుకునేవాళ్లు కాదు. థామస్ డెలోర్మ్ అనే అమెరికా ఆర్మీ డాక్టర్ ఆ పద్ధతి పక్కన పెట్టి, తక్కువసార్లు, ఎక్కువ బరువు, దాన్నే క్రమంగా పెంచుకుంటూ పోవడం మొదలుపెట్టాడు, 1945లో దాని గురించి రాశాడు. ఇప్పటికీ మూలం అదే. అయినా ఇప్పటికీ ఆరు నెలలైనా అదే రబ్బరు బ్యాండు, అవే పది కాలి ఎత్తుళ్లు చేస్తూ ఎందుకు బలం రాలేదో అని ఆశ్చర్యపోయేవాళ్లు ఎంతోమంది. తేలిగ్గా చేసేయగలిగే పని కండకి ఏమీ నేర్పదు.

ఎముక గట్టిపడిందని డాక్టర్ ఓకే అన్నాక, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు గ్యాప్ ఇచ్చి, ఒక్కో ఎక్సర్‌సైజ్ 8 నుంచి 12 సార్లు, రెండు మూడు సెట్లు. చివరి రెండు మూడూ కష్టంగా ఉండాలి. 12 సార్లూ చేసి ఇంకో రెండు కూడా చేయగలం అనిపిస్తే బరువు కొంచెం పెంచండి. ఏం చేయాలి అంటే, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం కూర్చోవడం, మొదట ఎత్తు కుర్చీ తర్వాత తక్కువ ఎత్తుది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి నడుము పైకి లేపడం. మెట్టు ఎక్కి దిగడం, ముఖ్యంగా మెల్లగా దిగడం. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ముందు రెండు కాళ్లతో, తర్వాత రెండు కాళ్లతో లేచి ఒక్క కాలితో దిగడం, ఆ తర్వాత ఒక్క కాలితోనే. పిక్క అన్నిటికన్నా ఆఖరున కోలుకుంటుంది, ఓపిక పట్టాలి. ఒంటికాలి మీద బాగున్న కాలు ఎన్నిసార్లు లేస్తుందో దెబ్బ కాలు అందులో 90 శాతం చేసేదాకా ఇది ఆపొద్దు.

కుర్చీలోంచి లేచేటప్పుడు అద్దం ముందు చేయండి. మనకి తెలియకుండానే బరువంతా మంచి కాలి మీదికి ఒరిగిపోతుంటాం, లేచినట్టే ఉంటుంది గానీ దెబ్బ కాలు ఏ పనీ చేయదు. దెబ్బ కాలిని కొంచెం వెనక్కి పెట్టుకుని లేస్తే అది తప్పించుకోలేదు. చేతికైతే మెత్తటి బంతి పిసకడంతో మొదలుపెట్టి, తువ్వాలు పిండటం, నీళ్ల బాటిల్ పట్టుకుని మణికట్టు పైకీ కిందికీ వంచడం, తాళం తిప్పినట్టు అరచేతిని బోర్లా వెల్లకిలా తిప్పడం. ఈ తిప్పుడే ఆఖరికి వస్తుంది.

బ్యాలెన్స్

లిగమెంట్ తెగినప్పుడు జాయింట్ ఏ పొజిషన్‌లో ఉందో మెదడుకి చెప్పే నరాల చివర్లు కూడా దెబ్బతింటాయి. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణకడానికి పెద్ద కారణం ఇదే. ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి, పక్కనే పట్టుకోడానికి ఏదైనా ఉంచుకుని. అది వచ్చాక కళ్లు మూసుకుని. అదీ వచ్చాక దిండు మీద. తర్వాత అలా నిలబడి బంతి పట్టుకోవడం విసరడం. పళ్లు తోముకునేటప్పుడు చేస్తే దీనికి వేరే టైమ్ కూడా అక్కర్లేదు.

తిండి, నిద్ర

మానే టైంలో ప్రొటీన్ ఎక్కువ కావాలి, రోజుకి శరీర బరువులో కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 60 కిలోలున్నవాళ్లకి 72 నుంచి 96 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి కాబట్టి అనుకున్నంత తేలిక కాదు, మూడు పూటలకీ పంచుకుని తినాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. కదలట్లేదు కదా లావైపోతామని తిండి తగ్గించడం ఈ టైంలో అస్సలు చేయకూడనిది, శరీరం కండనే కరిగించుకుంటుంది. విటమిన్ డి టెస్ట్ చేయించుకుని తక్కువుంటే డాక్టర్ చెప్పిన డోసు వాడండి. నిద్ర విషయం చెప్పక్కర్లేదు, నొప్పి వల్ల నిద్ర పట్టకపోతే ఓర్చుకోకుండా చెప్పి మందు సర్దించుకోండి.

భయం

మళ్లీ పడతానేమో, మళ్లీ విరుగుతుందేమో అనే భయం ఎక్సర్‌సైజ్‌లతో పాటే చూసుకోవాల్సిన విషయం. కాలు బాగైపోయినా మెట్లు దిగడానికి వణికిపోయేవాళ్లుంటారు. ధైర్యంగా ఉండు అని చెప్తే పోదు ఇది. భయపడే పనిని ముక్కలు చేసుకోవాలి, ముందు ఒక్క మెట్టు రెయిలింగ్ పట్టుకుని, రేపు రెండు, వారానికి ఒక వరుస. యాక్సిడెంట్ పదేపదే కళ్ల ముందు కనిపించడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ రోడ్డు వైపే వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే మానసిక నిపుణులకి చూపించుకోండి, దానికి మంచి చికిత్సలున్నాయి. ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట, అన్నీ మీరే చేసిపెట్టేయకండి, లేచి నీళ్లు తెచ్చుకోనివ్వండి, అది కూడా ఎక్సర్‌సైజే.

ఐదో మెట్టు: పని, డ్రైవింగ్, ఆట

కూర్చుని చేసే ఉద్యోగమైతే తొందరగానే వెళ్లొచ్చు, కాలు ఎత్తి పెట్టుకునే వీలు ఉంటే చాలు, మొదట సగం రోజు పని అడగండి. బరువులు మోసే పని, ఎత్తులెక్కే పని అయితే ఇంట్లో ముందు ఆ పనినే చిన్న బరువులతో ప్రాక్టీస్ చేసి వెళ్లాలి.

డ్రైవింగ్‌లో మామూలుగా నడపగలమా అన్నది ప్రశ్నే కాదు, సడన్ బ్రేక్ వేయగలమా అన్నదే. కుడి చీలమండ విరిగి ఆపరేషన్ అయినవాళ్లలో బ్రేక్ నొక్కే వేగం మామూలు స్థాయికి రావడానికి సుమారు 9 వారాలు పట్టిందని కొలిచి చూశారు. మత్తునిచ్చే నొప్పి మాత్రలు వాడుతున్నన్నాళ్లు స్టీరింగ్ ముట్టుకోవద్దు.

ఆటల్లోకి వెళ్లాలంటే మూడు చూసుకోవాలి. జాయింట్ పూర్తిగా తిరగాలి, బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి, ఒంటికాలితో గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి పడిపోకూడదు. మోకాలి లోపలి ముందు లిగమెంట్ (ఏసీఎల్) ఆపరేషన్ అయినవాళ్లు 9 నెలల కన్నా ముందు మలుపులు, గెంతులు ఉండే ఆటల్లోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ, ఆలస్యం చేసిన ప్రతి నెలకీ ఆ ప్రమాదం తగ్గుతూ వచ్చింది. పరుగు మొదలుపెట్టే ముందు అరగంట వేగంగా నడిచినా మర్నాడు వాపు రాకూడదు. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఆరేడుసార్లు, రోజు మార్చి రోజు. ఇక్కడ కూడా పొద్దున్న టెస్టే.

చివరిగా అందరూ అడిగేది ప్లేట్లు, స్క్రూలు తీయించాలా అని. ఇబ్బంది పెట్టకపోతే పెద్దవాళ్లలో చాలావరకు అలాగే వదిలేస్తారు. చర్మం కింద గుచ్చుకుంటూ చెప్పులు, షూస్ వేసుకోలేకపోతుంటే తీయించుకోవచ్చు, కానీ తీశాక స్క్రూల చిల్లులు పూడేదాకా కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆ ఎముక కొంచెం బలహీనంగానే ఉంటుంది, కాబట్టి అప్పుడు గెంతులు, పరుగులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆపరేషన్ డేట్ తీసుకునేముందే అడిగి ఉంచుకోండి.